గెర్లోఫ్ పోస్ట్మా పట్టుకున్న చెయ్యి

గెర్లోఫ్ పోస్ట్మా నాకు చేసిన అన్యాయం రెప్పపాటులో అయిపోయింది. నా నోట్లోంచి ఒక ధర జారింది. వాడు ఆగాడు. నా మొహంలోకి చూశాడు. ఆ తర్వాత నా చెయ్యి పట్టుకున్నాడు. మధ్యలో ఆ ఆగడం లేకపోతే వాణ్ణి ఈపాటికి వదిలేసేవాణ్ణి. బేరం వేడిలో పట్టేసుకున్నాడులే, వాడి స్థానంలో ఉంటే నేనూ అంతే చేసేవాణ్ణి అనుకునేవాణ్ణి. కానీ ఆగాడంటే వాడికి తెలుసు.

మా ఇద్దరిదీ పశువుల బేరం. లేవార్డెన్ పట్నం శుక్రవారం సంతలో ముప్పై ఏళ్లపాటు ఎదురుబొదురు నిలబడ్డాం. నేను చిన్నప్పుడే బడి వదిలేసి నాన్న వెనకాల ఆవుల్ని తోలుకుంటూ సంతకొచ్చినవాణ్ణి. కాగితం, కలం అవసరం పడలేదు. మా దగ్గర బేరం చేతుల్తో నడుస్తుంది. అమ్మేవాడు తన ధర చెప్పి కొనేవాడి అరచేతి మీద చరుస్తాడు. కొనేవాడు తన ధర చెప్పి తిరిగి చరుస్తాడు. వాడు ఎక్కుతాడు, వీడు దిగుతాడు. మధ్యలో తిట్లు, ఎగతాళి, ఆవు పొదుగు మీద జోకు, కొనేవాడి బట్టతల మీద జోకు. చివరి చరుపు దగ్గర చెయ్యి వెనక్కి రాదు. అవతలి చేతిని పట్టుకుని ఉండిపోతుంది. అంతే, ఆవు చేతులు మారినట్టే. పట్టుకున్నాక కాదన్నవాడితో ఆ సంతలో మళ్లీ ఎవడూ చెయ్యి కలపడు.

నోరు వాగుతూనే ఉండాలి, లోపల తల మాత్రం రెండు ధరల్ని కదలకుండా పట్టుకోవాలి. నేను ఎంతకి దిగొచ్చు, ఎదుటివాడు ఎంతకి ఎక్కుతాడు. మా విద్యంతా ఇదే. నాకది బాగా వచ్చు. కుడిచేత్తో ఒకడికి ఆవునమ్ముతూ, ఎడంచేత్తో ఇంకొకడి దగ్గర దూడ కొన్నరోజులున్నాయి.

తర్వాత కిడ్నీలు పోయాయి. బీపీ అన్నారు, ముందే రావాల్సింది అన్నారు. డయాలిసిస్ సూదులు గుచ్చడానికి ఎడంచేతిలో రక్తనాళాలు కలిపి కుట్టారు. ఆ చేతిమీద బరువు పడకూడదు, దెబ్బ తగలకూడదు. మిగిలింది కుడిచెయ్యి. ఆసుపత్రివాళ్లు సోమ, బుధ, శుక్రవారాలు రమ్మన్నారు. శుక్రవారం సంతని, నేను చచ్చినా రానని గొడవ పెట్టుకుంటే మంగళ, గురు, శనివారాలకి మార్చారు.

నాలుగు గంటలు ఆ కుర్చీలో పడుండాలి. నా కాళ్లకి ఆ సంగతి తెలియదు. పిక్కల లోపల ఏదో పాకుతున్నట్టుంటుంది. కదిపితే కాస్త నయం, కదిపితే మిషను కూస్తుంది. వీపంతా దురద. గోకుదామంటే ఒక చేతిలో సూదులు, రెండోది అందదు. నర్సు బౌక్యె వచ్చి గొట్టాలు సరిచేసి, చేతిలో రక్తపరీక్ష చీటీ ఊపేది.

“ఊనె, నిజం చెప్పు. మళ్లీ చీజ్ తిన్నావు కదూ?”

“వాసన చూశా.”

“ఈ ఫాస్ఫరస్ చూస్తే వాసన చూసినట్టు లేదు, చీజ్ చక్రం మొత్తం మింగినట్టుంది. తిండితోపాటు మాత్రలు వేసుకుంటున్నావా?”

“సున్నం నమిలినట్టుంటుంది బౌక్యె.”

“అది సున్నమే. నోరు మూసుకుని నమిలి మింగు.”

పాలు వద్దు, చీజ్ వద్దు, పొద్దున్నే మజ్జిగ జావ వద్దు. మా ప్రాంతంలో పుట్టినవాడికి ఈ మూడూ వద్దంటే ఇంక బతికేది దేనికి? నేను జావ మానలేదు. మాత్రలు ఒక్కోసారి వేసుకున్నాను, ఒక్కోసారి చొక్కా జేబులోనే ఉండిపోయాయి. ఉతికేటప్పుడు మా ఆవిడ సీట్స్కెకి దొరికేవి.

ఇంట్లో కూర్చోలేకపోయేవాణ్ణి. వంటింట్లోంచి కొట్టంలోకి, కొట్టంలోంచి వాకిట్లోకి, మళ్లీ వంటింట్లోకి. ఎముకలు నొప్పి. సీట్స్కె ఉర్లగడ్డలు చెక్కుతూ తల ఎత్తకుండానే అనేది:

“కూర్చోవయ్యా. నేల అరిగిపోతోంది.”

“వ్యాను తాళాలేవి?”

“ఇప్పుడే అడిగావు.”

“ఇప్పుడే ఎప్పుడు?”

“తాళాలు నీ చేతిలోనే ఉన్నాయి ఊనె.”

అలాంటివి ఎవరికైనా జరుగుతాయని కొట్టిపారేశాను. ఓసారి బేరానికి బయల్దేరి వేరే రైతు వాకిట్లో వ్యాను ఆపాను. ఆ రైతు చచ్చి నాలుగేళ్లయింది. వాళ్లబ్బాయి కాఫీ ఇచ్చాడు. తాగి, ఊరికే పలకరిద్దామని వచ్చానని చెప్పి వచ్చేశాను.

ఎండాకాలం చివర్లో డాక్టర్ ఫన్ లూన్ మమ్మల్నిద్దర్నీ గదిలోకి పిలిచింది. సీట్స్కె కుర్చీలో కూర్చుంది, నేను కిటికీ దగ్గర అటూఇటూ తిరుగుతున్నాను.

“మెడలో, థైరాయిడ్ వెనకాల గోధుమగింజలంత గ్రంథులు నాలుగుంటాయి,” అంది డాక్టర్. “కిడ్నీలు పనిచేయకపోయేసరికి, మీరు తినే ఫాస్ఫరస్ బయటికి పోక, అవి రాత్రీ పగలూ హార్మోన్ చిమ్ముతున్నాయి. ఉండాల్సినదానికి ఎన్నో రెట్లుంది. అది మీ ఎముకల్లోంచి కాల్షియం లాగి రక్తంలో పోస్తోంది.”

“ఎముకలు నొప్పులని చెప్పానుగా.”

“ఎముకలొక్కటే కాదు. తలమీదా పనిచేస్తుంది. మతిమరుపు, చిరాకు, లెక్క తప్పడం ఉన్నాయా?”

“లేవు,” అన్నాను.

“ఉన్నాయి,” అంది సీట్స్కె.

“కిడ్నీలు పోయినవాళ్లలో తల మందగించడం మేం చూస్తూనే ఉంటాం. దానికి చాలా కారణాలు. మీ విషయంలో ఈ హార్మోన్ పెద్ద కారణం అనుకుంటున్నాను. మగ హార్మోన్ కూడా బాగా తగ్గింది.”

“ఆ మాట చెప్పాల్సింది నా భార్య. మీ రక్తపరీక్ష కాదు.”

“నన్ను లాగకు,” అంది సీట్స్కె. “నేనేం చెప్పను.”

డాక్టర్ నవ్వు దాచుకుంది. ఆపరేషన్ చేసి ఆ గ్రంథులు తీసేయాలంది. వచ్చే నెలలో మంచం ఖాళీ ఉందంది. వచ్చే నెల అంటే ఆకురాలే కాలం సంతలు. పశువుల్ని కొట్టాల్లోకి తోలేముందు అమ్మేవాళ్లంతా అమ్ముతారు, కొనేవాళ్లంతా కొంటారు. ఏడాది తిండి ఆ వారాల్లోనే సంపాదించాలి. సంతలయ్యాక చూద్దామన్నాను.

కాలవ గట్టు పొలం సంగతి చెప్పాలి. గడ్డి పొలం. నాన్న నాకిచ్చింది అదొక్కటే. శుక్రవారం కొన్న పశువుల్ని మళ్లీ అమ్మేదాకా అక్కడే మేపుకునేవాణ్ణి. అది లేని బేరగాడు కొన్నపూటే అమ్మేయాలి, వచ్చిన ధరకి. పొలానికి అవతల గెర్లోఫ్ కంచె. వాడికి దానిమీద ఎప్పట్నుంచో కన్ను. దాచుకోలేదు కూడా. ఏటా కొట్టాలు మూసేముందు ఆఖరి సంతనాడు, కాఫీ బల్ల దగ్గర అందరి ముందూ దానికి బేరం పెట్టేవాడు. నేను ఆకాశమంత ధర చెప్పేవాణ్ణి. చరుచుకునేవాళ్లం, తిట్టుకునేవాళ్లం, చుట్టూ ఉన్నవాళ్లు నవ్వేవాళ్లు. ఎవరి చెయ్యీ పట్టుకునేది కాదు. మా బల్ల దగ్గర అదొక పండగ.

ఆ ఏడు ఆఖరి సంతకి నేను వెళ్లేసరికే ఒళ్లు నాది కాదు. ముందురోజు డయాలిసిస్ అయితే మర్నాడు పిండేసిన బట్టలా ఉంటాను. పొద్దున వొబ్బె అనే బేరగాడి దగ్గర ఆరు పెయ్యల్ని కొన్నాను. ఎంతకి కొన్నానో గంట తర్వాత గుర్తు చేసుకోబోతే దొరకలేదు. జోకులు గట్టిగా వేశాను. తల జారేకొద్దీ గొంతు పెంచడం ఆ ఏడాది నేర్చుకున్నాను.

కాఫీ బల్ల దగ్గర కాళ్లు మళ్లీ మొదలెట్టాయి. ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతూ నిలబడ్డాను. గెర్లోఫ్ కప్పు పక్కన పెట్టాడు.

“ఏరా ఊనె, గట్టు పొలాన్ని ఈ ఏడు కూడా నీతోపాటు పాతిపెట్టించుకుంటావా?”

“నిన్ను పాతిపెట్టడానికి మూలన జాగా ఇస్తాలే. మిగతాది ఇరవై రెండు వేలు.” చరిచాను. పొండెమాట్‌కి ఆ ధర. పొండెమాట్ అంటే ఎకరానికి కాస్త తక్కువ. నిజం ధర అందులో సగం కన్నా కొంచెం ఎక్కువ ఉంటుంది.

“ఎనిమిది.” వాడు చరిచాడు.

“ఎనిమిదికి మీ బావమరిది పెరడొస్తుంది. వెళ్లి కొనుక్కో. ఇరవై ఒకటి.”

“తొమ్మిది. అదైనా నీ మొహం చూసి. ఆ పొలంలో గడ్డి కన్నా బురదే ఎక్కువ.”

“ఆ బురదలో పడే కదరా నీ పెళ్లిరోజు ప్యాంటు మార్చుకున్నావు.”

బల్లంతా నవ్వింది. నా చెయ్యి పైకి లేచింది. లేచి, ఆగింది. చెప్పాల్సిన ధర లేదు. మర్చిపోయిన మాట నాలిక చివర తచ్చాడుతుంది కదా, అలా కూడా లేదు. ఇరవై వేలు ఉండాల్సిన చోట ఏమీ లేదు. చెయ్యి గాల్లో ఉంది. చెయ్యి గాల్లో ఉన్నప్పుడు నోరు ఊరుకోకూడదు, చిన్నప్పట్నుంచీ నాన్న నేర్పిందదే. నోటికి ఏదో వచ్చింది.

“నాలుగు వేలు,” అని చరిచాను.

నా పెళ్లయిన ఏడు మా వైపు భూమి ధర అది. ఎక్కడ దాక్కుందో, అప్పుడొచ్చింది.

నవ్వు ఆగిపోయింది. గెర్లోఫ్ చెయ్యి నా చేతి కింద తెరిచే ఉంది. వాడు నా మొహంలోకి చూశాడు. నా కళ్లలో ఏం వెతికాడో, అది వాడికి దొరికింది. వాడి వేళ్లు ముడుచుకున్నాయి. నా వేళ్లు, అలవాటున, అవీ ముడుచుకున్నాయి.

“నీకూ నాకూ శుభం కలగాలి ఊనె,” అన్నాడు. బేరం ముగిసినప్పుడు అనే మాటే.

“శుభం,” అన్నాను.

వొబ్బె, “కాఫీ చల్లారిపోతోంది,” అన్నాడు. మిగతావాళ్లు కప్పుల్లోకి చూశారు.

ఇంటికెళ్లే దారిలో పడవ పోవడానికి వంతెన ఎత్తారు. ఇంజను ఆపి కూర్చున్నాను. పడవ నెమ్మదిగా పోతోంది. అప్పుడొచ్చింది ఇరవై వేలు, ఎక్కడికీ పోనట్టు, తీరిగ్గా. వ్యాను దిగి వంతెన దగ్గర అటూఇటూ తిరిగాను. వెనక బండ్లవాళ్లు హారన్లు కొట్టేదాకా తిరుగుతూనే ఉన్నాను.

సోమవారం గెర్లోఫ్ మా వాకిట్లోకి వచ్చాడు. లోపలికి రాలేదు.

“నోటరీకి చెప్పాను. వసంతంలో రాసుకుందాం,” అన్నాడు.

“అది ఆట కదరా.”

“ఏటా ఆటే. ఈసారి పట్టుకున్నావు.”

“నాలుగు వేలని బుద్ధున్నవాడెవడైనా అంటాడా?”

“నువ్వన్నావు. బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా విన్నారు.”

“నువ్వు ఆగావు గెర్లోఫ్. నేను చూశాను.”

వాడు బూట్లకంటిన మట్టిని గుమ్మం రాయికేసి రుద్దాడు. “నేను పట్టుకోకపోతే వొబ్బె ఏదో ఒక రోజు పట్టుకునేవాడు. ఏడాదిగా జారుతున్నావు. అందరం చూస్తూనే ఉన్నాం. నీకు చెప్పే ధైర్యం ఎవరికుంది?” అని వెళ్లిపోయాడు.

ముప్పై ఏళ్ల స్నేహితుడికి చెప్పే ధైర్యం లేకపోయింది. పట్టుకునే ధైర్యం మాత్రం ఉంది.

చలికాలంలో మెడ కోశారు. మూడు గ్రంథులు పూర్తిగా తీసేశారు, నాలుగోదాంట్లో సగం ముక్క కుడి ముంజేతి కండలో కుట్టారు. అసలు లేకపోతే కాల్షియం మరీ పడిపోతుందట. ఎడంచేతిలో సూదులు కాబట్టి కుడిచేతిలో. కొన్నాళ్లు పెదాలు, వేళ్ల చివర్లు జివ్వుమనేవి. దోసిళ్లకొద్దీ మాత్రలు మింగించారు. ఒకరోజు వంటింట్లో నిలబడి, వొబ్బెకి ఆ ఆరు పెయ్యలకీ ఎంతిచ్చానో గుర్తొచ్చింది. చాలా ఎక్కువిచ్చాను. అంతకుముందు వసంతంలో ఒక ఎద్దునమ్మిన ధరా గుర్తొచ్చింది. చాలా తక్కువకి అమ్మాను. ఒక్కొక్కటీ వచ్చి కూర్చుంటుంటే, సంతోషించాలో గోడకి తల కొట్టుకోవాలో తెలియలేదు. కొన్ని రానే రాలేదు. దురద తగ్గింది. కాళ్లు తగ్గలేదు.

సీట్స్కె నోటరీని అడిగొచ్చింది. పొలం అమ్మకానికి నోటిమాట చాలట, చేతులు పట్టుకుంటే అమ్మినట్టేనట. కానీ ఆ సమయంలో మతి సరిగ్గా లేదని రుజువైతే అమ్మకం చెల్లదట. డాక్టర్ ఫన్ లూన్ వెంటనే ఒప్పుకుంది.

“మీ పరీక్షలన్నీ నా దగ్గరున్నాయి. ఆ రోజుల్లో మీ తల బేరమాడే స్థితిలో లేదని రాసివ్వగలను,” అంది.

“రాసివ్వండి,” అంది సీట్స్కె.

“ఆగండి,” అన్నాను.

బయటికొచ్చాక సీట్స్కె నన్ను నిలబెట్టేసింది. “ఏంటి ఆగేది?”

“కోర్టుకెళ్తే సంతలో వాళ్లనంతా సాక్షులుగా పిలుస్తారు. నా చేతికి విలువ లేదని నేనే ముద్ర కొట్టించుకున్నట్టు.”

“మూత్రం రాని మనిషివి, మందులతో బతుకుతున్నావు, ఇంకా చేతి విలువంటావా? పొలం పోతే నీ చెయ్యిని ఏ గడ్డి పెట్టి మేపుతావు?”

కోర్టు లేకుండా అవుతుందేమోనని గెర్లోఫ్ దగ్గరికి నేనే వెళ్లాను. కొట్టంలో పాలు పితుకుతున్నాడు. మిషను చప్పుడులో అరిచి చెప్పాల్సొచ్చింది. వాడు మిషను ఆపాడు.

“నోటరీ ఎందుకు, కోర్టెందుకు? బల్ల దగ్గరికొచ్చి చెప్పు. ఆ రోజు నా తల బాలేదు, ఏమంటున్నానో నాకు తెలియలేదు అను. అందరి ముందూ చెయ్యి వదిలేస్తాను.”

“మాట?”

“మాట.”

శుక్రవారం వెళ్లాను. మెడమీద గాటు కనబడకుండా రుమాలు కట్టుకున్నాను. బల్ల చుట్టూ అందరూ ఉన్నారు. గెర్లోఫ్ ఎదురుగా. వొబ్బె నాకు కాఫీ పోశాడు. అందరి చేతులూ బల్లమీద, కప్పుల చుట్టూ, ఒకడి చెయ్యి మరొకడి భుజమ్మీద. నేను కూర్చోలేదు.

“ఒక మాట చెప్పాలి,” అన్నాను. “ఆ రోజు నా తల—”

“ఏ రోజు?” అన్నాడు వొబ్బె. కప్పు దించాడు. “నా పెయ్యల్ని కొన్న రోజేనా?”

“అదే రోజు.”

“మరి నా పెయ్యల సంగతేంటి?”

ఎద్దు కొన్నవాడు అటువైపునుంచి అడిగాడు: “పోయిన వసంతంలో బానే ఉన్నావుగా ఊనె? నా ఎద్దప్పుడు?”

“ఎప్పట్నుంచి బాలేదో చెప్పరాదూ,” అన్నాడు వొబ్బె. కోపంగా అనలేదు, నిదానంగానే అన్నాడు. “మేమూ చూసుకోవాలి కదా. ఇప్పుడు బాగుందా మరి? నీకెలా తెలుసు, బాగుందని?”

అది డాక్టర్‌కీ తెలియదు. వాళ్ల వైపు చూశాను. కప్పుల మీంచి చేతులు ఒక్కొక్కటే కిందికి పోతున్నాయి. ఎద్దు కొన్నవాడు రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టుకున్నాడు. వొబ్బె కూడా. జేబులో చెయ్యి పెట్టుకున్నవాడితో మా సంతలో బేరం ఉండదు. నేను మొదలెట్టిన ఆ వాక్యం పూర్తిచేస్తే బల్లమీద మిగిలే చెయ్యి నాదొక్కటే. రేపట్నుంచి నేను ఎవరి వాకిట్లోకెళ్లినా కాఫీ ఇస్తారు. చనిపోయిన రైతు కొడుకు ఇచ్చాడే, అలాంటి కాఫీ.

కాళ్లలో మళ్లీ పాకుతోంది. గెర్లోఫ్ నావైపే చూస్తున్నాడు.

“ఆ రోజు నా తల నొప్పిగా ఉండింది,” అన్నాను. “అంతే. ధర నేనే చెప్పాను. పొలం గెర్లోఫ్‌ది.”

వొబ్బె జేబులోంచి చెయ్యి తీసి నా వీపు తట్టాడు. మగాడివిరా అన్నాడు. గెర్లోఫ్ అప్పటికైనా వదలొచ్చు. వాడికి అంతా తెలుసు, అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు. ఒక్క మాట, పోనీలేరా అంటే చాలు. వాడు చక్కెర గిన్నె దగ్గరికి లాక్కుని కాఫీలో వేసుకుని కలుపుకున్నాడు. చాలాసేపు కలిపాడు.

మధ్యాహ్నం వొబ్బె ఒక ముసలి ఆవుని నాకు అమ్మజూపాడు. చరుచుకున్నాం. మెత్తగా చరిచాడు. చిన్నపిల్లలకి బేరం నేర్పేటప్పుడు అలా చరుస్తాం. నా ధరకే వెంటనే ఒప్పుకున్నాడు. పొలం పోయాక ఆ ఆవుని ఎక్కడ మేపాలో నాకు తెలియలేదు. సాయంత్రంలోగా కొన్నదానికంటే తక్కువకి అమ్మేశాను.

సీట్స్కెకి చెప్పినప్పుడు ఆమె కాసేపు నా కుడిచేతిని చూసింది. “దాన్నే కాపురం చెయ్యమను నాతో,” అని గదిలోకెళ్లిపోయింది.

వసంతంలో నోటరీ ఆఫీసుకి ఆమె రాలేదు. నోటరీ దస్తావేజు చదువుతున్నంతసేపూ నేను కిటికీకి, బీరువాకి మధ్య తిరిగాను.

“కూర్చుంటారా?” అన్నాడాయన.

“కూర్చుంటే కాళ్లు ఊరుకోవు.”

“నిలబడే పెట్టనివ్వండి,” అన్నాడు గెర్లోఫ్, పెద్ద దయ చేస్తున్నట్టు.

నిలబడే సంతకం పెట్టాను. వాడు చెయ్యి చాపాడు. కలం మూత పెట్టడంలో మునిగిపోయినట్టు ఉండి, చూడనట్టు బయటికొచ్చేశాను. డయాలిసిస్‌కి టైమవుతోంది. గెర్లోఫ్ పోస్ట్మా పట్టుకున్న ఆ చేతికి ఖరీదుగా నాదగ్గర్నుంచి పోయినవి, కాలవ గట్టునుంచి వాడి కంచెదాకా, పద్నాలుగున్నర పొండెమాట్‌లు.